పచ్చ గళ్లు లెక్కపెట్టడం ఆపి, పిల్లలకు కోడ్ చదవడం నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పాలుపంచుకోవాలని, గిట్‌హబ్‌లో (కోడ్‌ను నలుగురికీ కనిపించేలా పెట్టే వెబ్‌సైట్) ప్రొఫైల్ బాగుంటే ఫ్రెషర్‌గా ఉద్యోగం తొందరగా వస్తుందని మీ విద్యా పేజీలో ఈ మధ్య తరచుగా రాస్తున్నారు. నేను వెబ్ డెవలపర్‌ని. ఖాళీ ఉన్నప్పుడు ఒకట్రెండు చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీలకు (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే తయారు కోడ్) వచ్చే పుల్ రిక్వెస్టులు చూసిపెడుతుంటాను. అందుకని మీ సలహా చూసి నాకు సంతోషమే. కానీ మీరు రాస్తున్నది సగమే. మిగతా సగం ఎవరూ చెప్పకపోవడం వల్ల ఏం జరుగుతోందో, మన పిల్లల పేరు ఎక్కడెక్కడ పాడవుతోందో తల్లిదండ్రులకు, కాలేజీల్లో ప్లేస్‌మెంట్ చూసే సార్లకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైతే కుదించి వేసుకోండి, తెలుగు అక్షరాల గురించి రాసిన భాగం మాత్రం దయచేసి తీసేయకండి.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. ఓపెన్ సోర్స్‌లో కోడ్ అంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, లైసెన్సు షరతులు పాటిస్తూ వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మనం చేసిన మార్పు అందరికీ పనికొస్తుందనిపిస్తే దాన్ని అసలు ప్రాజెక్టులో కలపమని అడగొచ్చు, ఆ అడగడమే పుల్ రిక్వెస్ట్. దాన్ని చదివి, ప్రశ్నలు వేసి, సరిచేయించి, కలపాలో వద్దో తేల్చేవాళ్లు మెయింటెయినర్లు. వీళ్లలో చాలామందికి ఈ పనికి జీతం ఉండదు. ఆఫీసు పని అయ్యాక, ఇంట్లో పిల్లలు పడుకున్నాక కూర్చుని చేసేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. వెబ్‌సైట్ వెనక నడిచే సర్వర్ ప్రోగ్రాం రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ 2010 నుంచి ఉంది. నోడ్ జేఎస్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపేది) మీద సర్వర్ రాసేవాళ్లలో దాన్ని ముట్టుకోనివాళ్లు అరుదు, అమీర్‌పేటలో మెర్న్ స్టాక్ కోర్సు చేసిన ప్రతి కుర్రాడికీ అది తెలుసు. 2024 మొదట్లో ఆ ప్రాజెక్టు మీద పుల్ రిక్వెస్టులు వరదలా వచ్చిపడ్డాయి. తెరిచి చూస్తే ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో తన పేరో, పనికిరాని ఒక లైనో చేర్చడం తప్ప ఏమీ లేదు. గిట్ (కోడ్‌లో మార్పుల్ని నమోదు చేసే సాధనం) నేర్పే ఒక యూట్యూబ్ పాఠంలో పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలో ఆ రిపోలోనే (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) చూపించారు, చూసినవాళ్లు వచ్చి అదే రిపోలో అదే పని చేశారు. అందులో అత్యధికులు మన దేశపు విద్యార్థులు. ఆ రిపోను గమనిస్తూ ఉండే డెవలపర్లకు ఒక్కో పుల్ రిక్వెస్టుకు ఒక్కో మెయిల్ వెళ్తుంది. నిజమైన బగ్ గురించి రాసిన మనిషి ఉత్తరం ఆ గుట్టలో ఎక్కడో అడుగున పడిపోతుంది. పెళ్లికి సాయం చేస్తానని వచ్చినవాళ్లు వడ్డన దగ్గరికి రాకుండా చదివింపుల పుస్తకంలో పేరు రాయించుకుని వెళ్లిపోతే ఆ ఇంటివాళ్లకు ఎలా ఉంటుంది? ఆ మెయింటెయినర్లకూ అలాగే ఉంది.

పిల్లల్ని తిట్టడానికి నేనిది రాయడం లేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, పాఠంలో చెప్పినట్టు చేశాడు, అవతల ఒక మనిషి కూర్చుని ఇది చదువుతాడని అతనికి ఎవరూ చెప్పలేదు. అలవాటు కోసం పేరు చేర్చి చూసుకోవడానికి ఫస్ట్ కాంట్రిబ్యూషన్స్ లాంటి రిపోలు ప్రత్యేకంగా ఉన్నాయి, అక్కడ ఎంతమంది పేరు రాసుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. అంతకంటే తేలిక, పక్క బెంచీ స్నేహితుడు ఒక రిపో తెరిస్తే ఇద్దరూ ఒకరి పుల్ రిక్వెస్ట్ ఒకరు చూసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక ఇంత రభస.

2020 అక్టోబర్‌లోనూ ఇదే జరిగింది. డిజిటల్ ఓషన్ కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబర్‌లో, ఓపెన్ సోర్స్‌లో పాల్గొనమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. అప్పట్లో నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు. ఆ ఏడు టీషర్టు కోసం ఎవరి రిపోలో పడితే వాళ్ల రిపోలో చుక్కలు, కామాలు, ఇది అద్భుతమైన ప్రాజెక్టు అన్న లైన్లు వచ్చిపడితే, మూడో రోజుకల్లా నిర్వాహకులు నిబంధన మార్చి, మేం ఒప్పుకుంటున్నాం అని ముందే చెప్పిన ప్రాజెక్టులవే లెక్కలోకి తీసుకుంటామన్నారు. 2023లో టీషర్టు కూడా ఇవ్వలేదు.

రీడ్‌మీలో ఒక లైనే కదా, ఒక్క క్లిక్‌తో క్లోజ్ చేసేస్తే పోలేదా అని అడుగుతారు. మెయింటెయినర్ అలసిపోతే అది ఎంత దూరం పోతుందో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఎక్స్‌జడ్ అనేది ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్, దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది లాసీ కొలిన్ అనే ఒక్క మనిషి. 2022లో కొందరు మెయిలింగ్ జాబితాలో అతని వెంటపడ్డారు, ప్యాచ్‌లు (జనం పంపే మార్పులు) చూడటం ఆలస్యమవుతోందని, వేరేవాళ్లకు అప్పగించమని. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని అతను బహిరంగంగానే రాశాడు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా మంచి ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించి, చివరికి తానూ మెయింటెయినర్ అయి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఆ జియా టాన్ ఎవరో ఈరోజుకీ తేలలేదు. అదృష్టం కొద్దీ పెద్ద లినక్స్ పంపిణీల స్థిర వెర్షన్లలోకి ఎక్కకముందే అది దొరికింది.

ఎలా దొరికిందో మన కాలేజీల్లో పాఠంగా చెప్పాలి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డెవలపర్ తన మెషీన్లో వేరే పని మీద పరీక్షలు చేస్తుంటే ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్లోకి దూరం నుంచి ప్రవేశించే పద్ధతి) లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనేగా అని వదిలేయలేదు. ప్రాసెసర్ సమయాన్ని ఎందుకింత తింటోంది, ఆ సమయం ఏ లైబ్రరీలో పోతోంది అని పట్టుకుని లాగితే ఎక్స్‌జడ్ దాకా వచ్చింది. మార్చి 29న ఆ వివరాలన్నీ బయటపెట్టాడు. ఆ రోజు అతను రాసిన కొత్త కోడ్ ఏమీ లేదు. ఉన్న కోడ్‌ని, అది నడుస్తున్న తీరుని చదివాడు, దొరికింది శుభ్రంగా రాసి చెప్పాడు. నా దృష్టిలో ఓపెన్ సోర్స్‌కు అంతకన్నా పెద్ద కాంట్రిబ్యూషన్ ఈ మధ్యకాలంలో లేదు.

మరి మనం ఏం కొలుస్తున్నాం? పచ్చ గళ్లు. గిట్‌హబ్ ప్రొఫైల్లో ఏడాదిలో ఏయే రోజుల్లో పని చేశామో చూపించే ఆకుపచ్చ గళ్లు. పుల్ రిక్వెస్ట్ తెరిస్తే చాలు గడి పచ్చబడుతుంది, దాన్ని కలిపారా, ఛీ అన్నారా అనేదానితో సంబంధం లేదు. కమిట్ (కోడ్‌లో చేసి భద్రపరిచిన మార్పు) తేదీ మనం ఏది చెబితే గిట్ అదే రాసుకుంటుంది కాబట్టి పోయిన ఏడాది గళ్లన్నీ ఈరోజు మధ్యాహ్నం కూర్చుని నింపేయొచ్చు, అందుకు స్క్రిప్టులు కూడా తయారుగా దొరుకుతాయి. ఈ మాట ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలుసు, తెలిసీ స్క్రీనింగ్‌లో అదే చూస్తారు. ఈ మధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీకి మాట్లాడటానికి వెళ్తే అక్కడ సెమిస్టర్‌కి ఇన్ని పుల్ రిక్వెస్టులు పెట్టాలని, దానికి ఇంటర్నల్ మార్కులని నిబంధన పెట్టారట. కలిపినవా అని అడిగితే సార్ దగ్గర జవాబు లేదు. ఆ క్లాసులో ఒకమ్మాయి లేచి, సార్, మాకు కోడ్ చదవడం ఎవరూ నేర్పలేదు, రాయడమే నేర్పారు, అని అంది. ఇంత సూటిగా జబ్బు చెప్పినవాళ్లను నేను చూడలేదు.

నిజమే కదా. మన ల్యాబ్ రికార్డులో ప్రతి ప్రోగ్రామూ ఖాళీ ఫైలుతో మొదలవుతుంది, ఒక్క ఫైల్లో ముగుస్తుంది, ఒక్కసారి నడిస్తే సంతకం పడుతుంది. మేజర్ ప్రాజెక్టు చాలాచోట్ల డబ్బిచ్చి తెచ్చుకునేదే. ఉద్యోగంలో చేరాక జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఎవరో ఎప్పుడో రాసిన వేల లైన్ల మధ్య ఒక చోట మూడు లైన్లు మార్చాలి, మార్చినందువల్ల ఇంకోచోట ఏదీ విరగకూడదు, ఆ మూడు లైన్లు ఎందుకు మార్చామో రెండేళ్ల తర్వాత చదివేవాడికి అర్థమయ్యేలా రాసిపెట్టాలి. దీన్ని డబ్బు ఖర్చు లేకుండా, అసలైన కోడ్ మీద, అనుభవమున్నవాళ్ల చేత దిద్దించుకుంటూ నేర్చుకోగల చోటు ఓపెన్ సోర్స్ ఒక్కటే. అంత మంచి బడిని మనం టీషర్టుల దుకాణంలా వాడుకుంటున్నామని నా బాధ.

ఒక విద్యార్థి నిజంగా ఎలా మొదలుపెట్టాలి అని నన్ను అడిగితే, తను రోజూ వాడే లైబ్రరీ ఒక్కటి ఎంచుకోమంటాను. ఒక్కటే. ముందు కొన్ని వారాలు దాని ఇష్యూలు (జనం రాసిన ఫిర్యాదులు, సూచనలు), పాత పుల్ రిక్వెస్టులు, వాటి కింద జరిగిన వాదనలు ఊరికే చదవాలి, కోడ్ కంటే అవే ఎక్కువ నేర్పుతాయి. మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదవాలి, ప్రాజెక్టును తన ల్యాప్‌టాప్‌లో నడపాలి, టెస్టులన్నీ (కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) పాసవుతున్నాయో లేదో చూసుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఇక్కడ తగిలిన ఇబ్బందిని, సూచనల్లో ఫలానా మెట్టు విండోస్‌లో పనిచేయడం లేదు, ఇలా చేస్తే చేసింది అని రాసి పంపితే అదే పనికొచ్చే మొదటి కాంట్రిబ్యూషన్ అవుతుంది. తర్వాత ఎవరో రాసిన బగ్ రిపోర్టును తన దగ్గర మళ్లీ జరిగేలా చేసి, వీలైనంత తక్కువ కోడ్‌తో అది ఎక్కడ వస్తోందో చూపించాలి. మెయింటెయినర్‌కు ఇంతకు మించిన సాయం లేదు, బగ్ సరిచేయడం కంటే అది ఎక్కడుందో పట్టుకోవడానికే ఎక్కువ సమయం పోతుంది. ఆ తర్వాత ఫెయిలయ్యే టెస్ట్ ముందు రాసి, దాన్ని పాస్ చేయించే మార్పు చేసి, ఒక్క విషయానికి ఒక్క పుల్ రిక్వెస్ట్ పెట్టాలి. ఫార్మాటింగ్ మార్పులు, పేర్ల మార్పులు అందులో కలపకూడదు. రివ్యూలో ఇది బాగోలేదని అంటే మనసు చివుక్కుమంటుంది, తప్పదు, కానీ ఎందుకు బాగోలేదో అడిగితే నూటికి తొంభై మంది ఓపిగ్గా చెబుతారు. ఇలా ఏడాదికి మూడో నాలుగో మాత్రమే కలిసినా ఇంటర్వ్యూలో ఒక్కో దాని గురించి అరగంట మాట్లాడొచ్చు.

ఇక నేను తీసేయొద్దని చెప్పిన భాగం. మన పిల్లలకు ప్రపంచంలో ఇంకెవరికీ లేని ఒక వీలు ఉంది, అది తెలుగు. జావాస్క్రిప్ట్‌లో స్త్రీ అన్న మాట లెంగ్త్ ఎంత అని అడగండి, 6 అంటుంది. మన కంటికి ఒక్క అక్షరం. లోపల సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈకారపు గుడి అని ఆరు సంకేతాలు. వెబ్‌సైట్లలో ఫొటో లేనివాళ్లకు పేరులో మొదటి అక్షరం గుండ్రంలో చూపిస్తారు కదా, చాలాచోట్ల శ్రీనివాస్‌కు 'శ' అనీ, జ్యోతికి 'జ' అనీ వస్తుంది. వార్తా శీర్షిక పొడుగైతే కత్తిరించి చుక్కలు పెట్టేచోట రాష్ట్రం అన్న మాట 'రాష్' దగ్గర తెగిపోతుంది. పేరులో అక్షరాలే ఉండాలని పెట్టిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రాసింది ఫలానా తీరులో ఉందో లేదో చూసే నియమం) రమేష్‌ను తప్పు పేరంటుంది, ఎందుకంటే యూనికోడ్ (ప్రపంచ లిపులకు కంప్యూటర్లో సంకేతాలు ఇచ్చే ప్రమాణం) లెక్కలో గుణింతం, పొల్లు అక్షరాల వర్గంలోకి రావు, వాటిది గుర్తుల వర్గం. ఫ్రెంచ్ అక్షరాల మీద గీతలు తీసేయడానికని గుర్తులన్నిటినీ చెరిపేసే ఫంక్షన్ ఒకటి రాస్తారు, దానికి తెలుగు అని ఇస్తే 'తలగ' అని తిరిగిస్తుంది. ఇవి ఊహించి చెప్పినవి కావు, పనిలో నేను మళ్లీ మళ్లీ చూసేవే.

వీటికి పరిష్కారాలు కూడా ఉన్నాయి. అక్షరాల్ని మనిషి చదివినట్టు విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అనే జావాస్క్రిప్ట్ సదుపాయం 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్‌లోకీ వచ్చాక ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలోనూ దొరుకుతోంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి లాంటి లిపుల ఒత్తులను విడగొట్టకూడదనే నియమం చేరింది. అంతకుముందు నియమం ప్రకారం స్త్రీని మూడు ముక్కలు చేసేవాళ్లు, కొత్త నియమంలో అది ఒక్కటే. అయితే నియమం వచ్చినంత మాత్రాన లైబ్రరీలు వాటంతట అవి మారవు. ఎవరో ఒకరు వెళ్లి, మీ ఫంక్షన్‌కు ఈ మాట ఇస్తే ఇలా విరుగుతోంది, ఇదిగో టెస్ట్, ఇదిగో మార్పు అని చెప్పాలి. కాలిఫోర్నియాలోనో బెర్లిన్‌లోనో ఉన్న మెయింటెయినర్‌కు రాష్ట్రం ఎక్కడ తెగకూడదో ఎలా తెలుస్తుంది? భీమవరంలోనో వరంగల్‌లోనో రెండో సంవత్సరం చదివే పిల్లకు చూడగానే తెలుస్తుంది. నేను చూసినంతలో చాలా లైబ్రరీల టెస్టుల్లో తెలుగు మాట ఒక్కటీ ఉండదు. ఒక్క టెస్ట్ చేర్చినా దాన్ని చెత్త అనేవాడు ఉండడు.

ఇది చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. జ్ఞా అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేక రూపంలో, మధ్యలో కంటికి కనపడని సంకేతం ఒకటి కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. ఆ కోడ్ ఆపిల్ సొంతం, బయటివాళ్లకు కనపడదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్‌లలో అక్షరాలకు ఒత్తులు కట్టే హార్ఫ్‌బజ్ మాత్రం ఓపెన్ సోర్స్, ఎవరైనా తెరిచి చదవొచ్చు. అందులో తెలుగు ఎలా నడుస్తుందో మొత్తంగా చదివిన తెలుగు విద్యార్థులు మన దగ్గర ఎంతమంది తేలతారు? ఫైర్‌ఫాక్స్ మెనూల తెలుగు అనువాదం పాంటూన్ అనే సైట్‌లోనూ, వికీపీడియాను నడిపే మీడియావికీ తెలుగు అనువాదం ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైట్‌లోనూ స్వచ్ఛందంగా జరుగుతుంది. కోడ్ భయం ఉన్నవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఏఐ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు రీడ్‌మీలో పేరు రాసేవాళ్ల కంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నది అదే. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ అనే సాఫ్ట్‌వేర్ 1998 నుంచి ఉంది, ఫోన్లలో, కార్లలో, టీవీల్లో కూడా అది నడుస్తుంది. దాన్ని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించి పంపుతున్న అబద్ధపు భద్రతా రిపోర్టుల గురించి 2024 నుంచి బహిరంగంగా మొత్తుకుంటున్నాడు. చూడటానికి పద్ధతిగా, పేజీల కొద్దీ ఉంటాయి, చదివితే లేని ఫంక్షన్‌లో లేని లోపం. పంపినవాడికి రెండు నిమిషాలు, అబద్ధమని తేల్చడానికి అవతలివాళ్లకు గంటలు. ఏఐ వాడొద్దని నేను అనను, నేనూ వాడతాను. కానీ పంపే ప్రతి లైనుకూ మనమే జవాబుదారీ అని, అది మన మెషీన్లో నడిపి చూడకుండా పంపకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాలి. రివ్యూలో ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నను కూడా ఏఐకే అతికించి జవాబు తెచ్చేవాళ్లను చూస్తున్నాను, అక్కడితో ఆ మెయింటెయినర్ ఆ పేరును ఇంక నమ్మడు.

కాలేజీలకు నా విన్నపం ఒకటే. పుల్ రిక్వెస్టుల సంఖ్యకు మార్కులు ఇవ్వడం ఈ సెమిస్టర్ నుంచే ఆపండి. బదులుగా, కలిపిన ఒక్క మార్పు గురించో, కలపకుండా వెనక్కి పంపిన ఒక్క మార్పు గురించో విద్యార్థి వైవాలో వివరించి చెబితే దానికి మార్కులు వేయండి. వెనక్కి పంపినదానికి కూడా వేయండి, ఎందుకు వద్దన్నారో చెప్పగలిగినవాడు చాలా నేర్చుకున్నట్టే. ల్యాబ్‌లో కొత్త ప్రోగ్రాం రాయించే వారాల్లో కొన్నిటిని, ఉన్న ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని క్లాసంతా కలిసి చదవడానికి ఇవ్వండి. ఫ్రెషర్లను తీసుకునే కంపెనీలవాళ్లు గళ్లు చూడకుండా ఒక్క పుల్ రిక్వెస్ట్ లింకు తెరిచి, కింద జరిగిన సంభాషణ చదవండి, ఐదు నిమిషాల పని.

మీ పత్రికకు కూడా ఒక మాట. విద్యా పేజీలో నెలకొకసారైనా ఒక నిజమైన పుల్ రిక్వెస్ట్ కథ వేయండి. బగ్ ఏమిటి, ఎలా దొరికింది, రివ్యూలో ఏమన్నారు, చివరికి ఏ లైను మారింది అని పిల్లలకు అర్థమయ్యే తెలుగులో. మొదటిది తెలుగు అక్షరాల బగ్ గురించే అయితే బాగుంటుంది. రాసేవాళ్లు కావాలంటే నేనూ, నాకు తెలిసిన కొందరు డెవలపర్లూ డబ్బు తీసుకోకుండా రాసిస్తాం, మీరు అడగడమే ఆలస్యం.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్,
మియాపూర్, హైదరాబాద్